పొగగొట్టం మీది బండ

కిల్‌బ్రీడా, క్లేర్ కౌంటీ
1967 జూన్ 4

ప్రియమైన సిస్టర్ ఈటాకు,

చెల్లీ అని మొదలుపెట్టాలని చెయ్యి లాగుతుంది. కానీ మీ మఠంలో పెద్దావిడ ఉత్తరాలు విప్పి చదువుతుందని నువ్వే చెప్పావు కనుక, ఆవిడ మర్యాద కోసం పూర్తి పేరే రాస్తున్నాను. (అమ్మా, మీరు కులాసానా?)

సంగతేమిటంటే, ఈ అక్టోబరులో ఇంటింటి వంతు పూజ మన ఇంటికి వచ్చింది. మొన్న ఆదివారం గుడిలో కేనన్ ఫాదర్ పీఠం దగ్గరే చదివారు, "కాన్సిడైన్ వారి ఇల్లు" అని. ఊళ్ళో ఇన్ని గడపలు తిరిగి మన గడపకి రావడానికి ఇన్నేళ్ళు పట్టింది. కిందటిసారి మీ బావ మ్యాటీ ఉన్నాడు. ఇల్లరికం వచ్చిన మనిషైనా, పుట్టి పెరిగినవాడిలా గుమ్మంలో నిలబడి అందరికీ కుర్చీలు వేశాడు. ఈసారి గుమ్మంలో నేనే నిలబడాలి. పాక మొదలు పళ్ళాల దాకా ఊరంతా తడిమి చూసే రోజది. ఆ రోజు నా పరువంతా ముందుగదిలోనే ఉంటుంది.

ఆ ముందుగదిలోనే, పొయ్యి పైగోడ మీద మరక పుట్టింది. పుట్టింది అని ఎందుకంటున్నానంటే అది పెరుగుతోంది కాబట్టి. టీ నీళ్ళ రంగు, పాత మసి వాసన. రెండుసార్లు సున్నం కొట్టించాను. రెండుసార్లూ లోపల్నుంచి తోసుకుని పైకొచ్చింది. మనవరాలు ఊనా దాన్ని తేరిపార చూసి, "నానమ్మా, కేనన్ ఫాదర్ ముక్కు!" అంది. దాని నోరు మూయించాను గాని, అప్పట్నుంచి నాకూ ముక్కే కనిపిస్తోంది. ఆ ముక్కు కింద నిలబడే ఆయన పూజ చెయ్యాలి.

తాపీపనికి క్రిస్టీ హెహిర్‌ని పిలిపించాను. బళ్ళో నా దగ్గర చదివినవాడే.

"పొగగొట్టం మొదట్లో సీసపు రేకు చిరిగింది టీచరమ్మా. కప్పు కలిసేచోట నీళ్ళు దిగుతున్నాయి. పైన రాళ్ళ సందులు కూడా నోళ్ళు తెరిచాయి. రెండు రోజుల పని."

"నీ రెండు రోజులు నాకు తెలుసు. నీకు లెక్కలు చెప్పింది నేనే."

"అందుకే కదా ఇలా తయారయ్యాను," అన్నాడు వెధవ, నిచ్చెన మీంచే.

మ్యాటీ పోయాక ఆ గదిలో కూర్చునేవాళ్ళు లేరని, కాకుల గోల పడలేక, గొట్టం నెత్తిన నేను వేయించిన రాతిబండ మాత్రం చెక్కుచెదరలేదట. కింద పొయ్యికి కూడా చెక్క అడ్డం కొట్టించాను. పుల్ల పడదు, మసి పడదు. ఇంట్లో నేను చేసిన తెలివైన పని అదొక్కటే అనుకుంటాను.

ఊరి కబురు: లిల్లిస్ వాళ్ళ బెర్నీ మఠం వదిలి వచ్చేసింది. ఎవరిదో పొడుగాటి మనిషి కోటు తొడుక్కుని బస్సు దిగింది. చేతులు వేళ్ళు దాటి వేలాడుతున్నాయి. "దేవుడికిచ్చిన మాటెలాగూ నిలవలేదు, కోటైనా కొలతకి తీసుకోవలసింది," అన్నాను పోస్టాఫీసులో. అందరూ నవ్వారు. ఇప్పుడు వాళ్ళమ్మ దాన్ని తెల్లవారు పూజకి వెనకసందులోంచి తీసుకెళ్తోంది, ఎవరి కంటా పడకుండా.

నువ్వు అక్టోబరుకి తప్పకుండా రావాలి. ముసుగూ జపమాలా అన్నిటితో. నిన్ను పొయ్యి పక్కన, కేనన్ ఫాదర్‌కి కుడివైపు కూర్చోబెడతాను. నువ్వు కాస్త ముందుకి వంగి కూర్చుంటే మరక కూడా కనిపించదు.

మీ అక్క,
హనోరా


సెయింట్ గోబ్నెట్ మఠం, సాల్‌ఫర్డ్
జూన్ 19

అక్కా,

ఉత్తరం అందింది. ఆలస్యంగా అందింది, ఏమీ అనుకోకు.

మరక గురించి ఒక మాట. అమ్మ ఎండాకాలంలో కూడా నెలకోసారి ముందుగది పొయ్యి వెలిగించేది, గుర్తుందా? చుట్టాలు రాకపోయినా సరే. "గొట్టానికి ఊపిరాడాలి" అనేది. నువ్వు పైనా కిందా మూసేశావంటున్నావు. వాన బయటినుంచి వస్తోందో, చెమ్మ లోపలే మగ్గుతోందో క్రిస్టీని చూడమను.

అక్టోబరు సంగతి ఇప్పుడే చెప్పలేను. ఇక్కడ కొన్ని మార్పులు జరుగుతున్నాయి.

బెర్నీకి పని ఏదైనా దొరికిందా? ఇంట్లో ఎలా చూస్తున్నారు? వీలుంటే రాయి.

నీ చెల్లి


కిల్‌బ్రీడా
జులై 23

ప్రియమైన సిస్టర్ ఈటాకు,

మఠాల్లో ఇప్పుడు పొగగొట్టాల మీద కూడా ధ్యానం చేయిస్తున్నారా? అమ్మ వెలిగించేది ఊపిరి కోసం కాదు, పక్కింటివాళ్ళకి మన పొగ కనబడాలని. అమ్మ సంగతి నీకు తెలియదు, నువ్వు చిన్నదానివి.

క్రిస్టీ పని ముగించాడు. కొత్త సీసపు రేకు చుట్టాడు. రాళ్ళ సందుల్లో పాత సున్నం పైపైన గీకి, సిమెంటు కూరాడు. బూడిదరంగు గీతలతో గొట్టం జైలు గోడలా తయారైంది. "ఇంక నూరేళ్ళు చూడక్కర్లేదు టీచరమ్మా," అన్నాడు. మొదటి పెద్దవానకి మరక మళ్ళీ వచ్చింది. అంతకుముందు ముక్కే ఉండేది, ఇప్పుడు గడ్డం కూడా వచ్చింది.

ఆదివారం పూజ అయ్యాక గుడి ముందు పట్టుకున్నాను వాణ్ణి. అందరూ వింటుండగానే, "నీ చేతిపని చూడ్డానికి టిక్కెట్టు పెట్టనా?" అన్నాను. చెవులు ఎర్రబడ్డాయి. వాడి పెళ్ళాం పక్కనే ఉందని తరవాత గమనించాను.

మరక పోకపోతే, క్రీస్తు హృదయ పటాన్ని గుమ్మం పక్కనుంచి తీసి దాని మీద తగిలిస్తాను. కప్పడానికి పటం చాలదు, కానీ పటం కింద మరక ఎవడు వెతుకుతాడు?

నువ్వు వస్తున్నావని కేనన్ ఫాదర్‌తో చెప్పేశాను. ఎంత సంతోషించారో. "మన ఊరి నుంచి ఒక్క పిల్లయినా నిలబడింది," అన్నారు. అది బెర్నీ గురించేనని అందరికీ అర్థమైంది. అడిగావు కనుక చెబుతున్నా, దానికి పనీ లేదు పాటా లేదు. కాలవ దగ్గర బట్టలు ఉతుకుతూ కనిపిస్తుంది. పలకరిస్తే నవ్వుతుంది. సిగ్గుపడవలసిన మనిషి అలా నవ్వితే చూసేవాళ్ళకి ఎటు చూడాలో తెలియదు.

సముద్రం దాటి ఏ పడవకి వస్తున్నావో రాయి.

హనోరా


14 గార్నెట్ వీధి, మేడ మీద వెనక గది
సాల్‌ఫర్డ్
ఆగస్టు 9

అక్కా,

పైన చిరునామా చూశావు కదా. చూసి ఇంకా చదువుతున్నావంటే కూర్చుని చదువు.

ఏప్రిల్ నుంచి నేను మఠంలో లేను. రోము నుంచి విడుదల కాగితం వచ్చింది, సంతకం చేశాను. ఈటా అన్న మఠం పేరు అక్కడే వదిలి, ఇంటి పేరుగా పిలిచే డిలియాగానే బయటికొచ్చాను. జూన్‌లో పాత చిరునామా వేసి రాసినది అబద్ధం. నీ ఉత్తరాలు అక్కడి ఒక సిస్టర్ చాటుగా నాకు పంపుతోంది. ఇంక ఆమెని ఇబ్బంది పెట్టలేను.

ఎందుకని అడుగుతావు. మగవాడెవడూ లేడు, ముందే చెబుతున్నాను, పోస్టాఫీసులో ఆ ప్రశ్నే వస్తుంది కాబట్టి. చాలా ఏళ్ళుగా ప్రార్థనలో నా నోరు కదిలేది, నేను ఎక్కడో ఉండేదాన్ని. పిల్లలకి చెప్పే మాటలు నేను నమ్మడం లేదని పిల్లలకే తెలిసిపోతుందేమో అని భయం వేసేది. అంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాదు.

అందరూ భోజనాల గదిలో ఉండగా నన్ను పక్క తలుపు నుంచి పంపించారు. ఎవరికీ చెప్పి వెళ్ళకూడదు, అది అక్కడి పద్ధతి. గుమ్మం దగ్గర పెట్టెలో పాత కోట్లున్నాయి, ఒకటి తీసుకోమన్నారు. నాకు దొరికింది నాకంటే పొడుగైన మనిషిది. అక్కా, బెర్నీ కోటు గురించి నువ్వు రాసిన ఉత్తరాన్ని ఆ కోటు వేసుకునే చదివాను. గదిలో చలిగా ఉండింది.

ఒక బడి వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను. పాఠాలు చెప్పే ఉద్యోగం కావాలంటే మఠం నుంచి మంచిమాట రాయించుకోవాలి. అడగడానికి మొహం చెల్లలేదు. వీధిలో ముసుగు వేసుకున్నవాళ్ళు ఎదురైతే అవతలి పక్కకి దాటతాను. నేను తప్పు చేశానని కాదు. నా తల మీద జుట్టు చూస్తారని.

ముందే చెప్పాల్సింది. జూన్‌లో చెబుదామనే కలం పట్టుకున్నాను. నీ మొదటి ఉత్తరం చదివాక ధైర్యం చాలలేదు.

అక్టోబరుకి రావాలని ఉంది. కేనన్ ఫాదర్ కుడివైపు అక్కర్లేదు. వంటింట్లో కప్పులు కడుగుతాను.

డిలియా


కిల్‌బ్రీడా
ఆగస్టు 17

డిలియా,

కేనన్ ఫాదర్‌కి మాట ఇవ్వకముందు చెప్పి ఉంటే బాగుండేది.

పూజ అయిపోయాక రా. నవంబరులో అయితే ఇంట్లో తీరికగా ఉంటుంది. ఎన్నిస్ పట్నం నుంచి చీకటి పడ్డాక వచ్చే బస్సు ఒకటుంది. అదైతే నీకూ సుఖం.

ఇక్కడ వానలు.

హనోరా


సాల్‌ఫర్డ్
ఆగస్టు 24

అక్కా,

అలాగే.

డి.


కిల్‌బ్రీడా
సెప్టెంబరు 20

చెల్లీ,

నువ్వు రాసిన ఆ ఒక్క మాటని నెలరోజులుగా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. జవాబు నాలుగుసార్లు రాశాను. నాలుగూ వంటింటి పొయ్యిలోకే వెళ్ళాయి. అందులో కనీసం పొగ పైకి పోతుంది.

ముందు గొట్టం సంగతి చెబుతాను. మిగతాది చెప్పడానికి నాకు కాస్త సమయం కావాలి.

గోడకి ఆనుకున్న బల్ల వెనక కూడా బూజు పట్టింది. ఇంక లాభం లేదని క్రిస్టీ ఇంటికి నేనే నడిచి వెళ్ళాను. వాడి పెళ్ళాం తలుపు తీసి, లోపలికి రమ్మనలేదు. న్యాయమే. గుమ్మంలోనే నిలబడి, "గుడి ముందు అన్న మాట అనకూడనిది. ఒకసారి బండ తీసి చూస్తావా?" అన్నాను. వాడు నిచ్చెన భుజాన వేసుకుంటూ, "మీరు క్షమాపణ చెబుతున్నారా, టీచరమ్మా? ఊళ్ళో ఎవరూ నమ్మరు. కాగితం మీద రాసివ్వండి," అన్నాడు.

బండ తీశాడు. గొట్టంలో ఎన్నేళ్ళ కాకిగూళ్ళో! పుల్లలు, ఉన్ని, ఎవరిదో చేతిరుమాలు. వాటన్నిటి కింద మసి. మసి అంటే పొడి అనుకుంటావు, గంజిలా ఉంది. రాళ్ళగుండా ఇంకిన వానకి బయటికి పోయే దారి లేదు. క్రిస్టీ కూరిన సిమెంటు బయట తలుపు మూసింది, నా బండ పైన తలుపు మూసింది, నా చెక్క కింద తలుపు మూసింది. ఆ నీరంతా మసిని నానబెట్టి, ఆ కషాయాన్ని గోడలోంచి నా ముందుగదిలోకి పంపింది. తప్పులో సగం వాడిది, సగం నాది. వాడు తన సగాన్ని ఒప్పుకోవడానికి టీ అడిగాడు.

అమ్మ మాటే నిజమైంది. గొట్టానికి ఊపిరాడాలి. నీకు గుర్తుంది, నాకు లేదు.

ఆ పుల్లలూ మసీ ముందుగదిలోకి దిగాయి. చేయి వేసేవాళ్ళెవరూ లేరు. వంతు పూజ ఉన్న ఇంటికి పక్కింటివాళ్ళు సాయం వెళ్ళడం మన పద్ధతి కదా, కానీ నా నోరు తెలిసినవాళ్ళకి ఏవో పనులు తగిలాయి. గుమ్మంలో బకెట్ పట్టుకుని నిలబడింది ఎవరనుకున్నావు? బెర్నీ లిల్లిస్.

"ఎవరు పంపారు నిన్ను?" అన్నాను. పలకరింపు కూడా సరిగ్గా రాదు నాకు.

"ఎవరూ పంపలేదు. మఠంలో గొట్టాలు తుడిచే పని నాదే," అంది. గౌను పైకి దోపుకుని పొయ్యిలోకి దూరింది.

రోజంతా చేసింది. మొహం నల్లగా, పళ్ళు మాత్రం తెల్లగా. సాయంత్రం రొట్టె వెన్న పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఏదో ఒకటి అనాలి కదా. "ఆ రోజు పోస్టాఫీసులో నేనన్న మాట నీ చెవిన పడిందా?" అన్నాను.

"గుమ్మంలోనే ఉన్నాను, టీచరమ్మా. తపాలా బిళ్ళలు కొనడానికి వచ్చి వెనక్కి వెళ్ళిపోయాను."

"నవ్వావు కదా, కాలవ దగ్గర నన్ను చూసి."

"ఏం చెయ్యమంటారు, ఏడవమంటారా?" అంది. రొట్టె తుంచుకుంటూ చెప్పింది: "అందరూ కోటు గురించే మాట్లాడుకున్నారు. చలి వేసిందా అని ఎవరూ అడగలేదు."

చెల్లీ, గదిలో చలిగా ఉండిందని నువ్వు రాశావు. నేను చీకటి పడ్డాక వచ్చే బస్సు గురించి రాశాను. ఆ వాక్యం రాసిన చెయ్యి ఇదే, దీనితోనే ఇప్పుడు రాస్తున్నాను. పిల్లల చేతుల మీద బెత్తంతో కొట్టిన రోజుల్లో కూడా ఈ చెయ్యంటే నాకు ఇంత అసహ్యం వెయ్యలేదు. లిల్లిసమ్మ బెర్నీని తీసుకెళ్ళే వెనకసందు చూసి నవ్వినదాన్ని, నా చెల్లెలికి నేనే వెనకసందు వెతికాను. అదీ బస్సు టైముతో సహా.

బెర్నీకి నీ సంగతి చెప్పాను. చెప్పకూడదేమో. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడలేదు.

వేరే పార్సిల్లో నా నీలం కోటు పంపుతున్నాను, మంచిది, మ్యాటీ కొన్నది. నువ్వు నాకంటే పొట్టి కనుక చేతులు పొడుగవుతాయి, లోపలికి మడిచి కుట్టుకో, లేకపోతే ఊరు చూస్తుంది. పూజ అక్టోబరు పద్దెనిమిదిన, అది వేసుకుని ఆలోగా రా. పగటి బస్సుకి రా. ముందుగదిలో, పొయ్యి పక్కనే నీ కుర్చీ.

నీ అక్క


సాల్‌ఫర్డ్
అక్టోబరు 4

అక్కా,

కోటు అందింది. వెచ్చగా ఉంది. నీకు చలి వేస్తుందని తెలుసు, కానీ తిరిగి పంపను.

పూజకి రాను. బడి వంటింట్లో సెలవు దొరకదు అని రాయొచ్చు, అది నిజమే, కానీ కారణం అది కాదు. జూన్‌లో నన్ను చూపించడానికి కుర్చీ వేశావు. ఆగస్టులో దాచడానికి బస్సు చూశావు. ఇప్పుడు మళ్ళీ కుర్చీ. ప్రతిసారీ ఎక్కడ ఉండాలో నువ్వే చెబుతున్నావు. కోటు చేతులు మడవాలో వద్దో కూడా.

కోపంతో రాయడం లేదు. నా గొంతు ఎలా ఉంటుందో ఇప్పుడిప్పుడే వింటున్నాను, అంతే.

నేను రానని కేనన్ ఫాదర్‌తో ఏం చెబుతావో చెప్పుకో. ఏం చెప్పినా నేను ఏమీ అనను. కానీ ఏం చెప్పావో నాకు నిజంగా రాయి.

బెర్నీకి నా నమస్కారం చెప్పు.

డిలియా


కిల్‌బ్రీడా
అక్టోబరు 19

డిలియా,

నిజంగా రాయమన్నావు. రాస్తున్నాను. నేను బాగా కనిపించను ఇందులో.

పూజ నిన్న అయింది. క్రిస్టీ ఆ ముందువారమే సిమెంటంతా గీకేసి రాళ్ళ సందుల్లో సున్నం పెట్టాడు, గొట్టం నెత్తిన వాన పడకుండా, గాలి మాత్రం ఆడేలా చిన్న టోపీ పెట్టాడు. కింద చెక్క పీకేశాం. రోజూ కొంచెం కొంచెంగా పీట్ గడ్డలతో మంట వేశాను. గోడ ఎండింది. మరక పోలేదు. ఆ గోడ మీది గార అంతా చెక్కేసి కొత్తది పుయ్యాలట, వేసవి దాకా కుదరదట. పటం తగిలించబోయాను. మేకు చేతిలో పట్టుకుని, స్టూలు మీద చాలాసేపు నిలబడి, దిగి పటాన్ని గుమ్మం పక్కనే పెట్టేశాను. ముక్కూ గడ్డం ఊరందరికీ కనబడ్డాయి.

కేనన్ ఫాదర్ పూజ చక్కగా చేశారు. తరవాత ఫలహారం. ఆయనకి ముందుగదిలో తెల్లగుడ్డ బల్ల, ఉడికించిన గుడ్డు. మిగతావాళ్ళు గోడల వెంట కప్పులు పట్టుకుని. బెర్నీ టీ పోస్తోంది, వాళ్ళమ్మ చూపులు నేలమీదే. కేనన్ ఫాదర్ గోడవైపు చూసి, "ఈ మరక ఎవరిదో మొహంలా ఉందే, తెలిసినవాళ్ళలానే ఉంది," అన్నారు. క్రిస్టీకి టీ పొలమారింది. ఊనాని వంటింట్లోకి తోసేశాను.

అప్పుడాయన గుడ్డు మీద చెంచాతో తడుతూ అడిగారు: "సిస్టర్ ఈటా ఏదమ్మా? వస్తుందన్నావు?"

గదంతా నావైపు చూసింది. నేను ఏమన్నానో తెలుసా? "మఠంలో సెలవు దొరకలేదు ఫాదర్," అన్నాను. అంత సుఖంగా వచ్చింది అబద్ధం. "పాపం, అంత పనిమంతురాలు," అన్నారాయన. అందరూ తలలూపారు. నా పరువు చక్కగా ఆరి, ఇస్త్రీ చేసినట్టు నిలబడింది.

బెర్నీ నాకు టీ పోస్తోంది. చెయ్యి ఆగింది. నావైపు చూడను కూడా లేదు. కెటిల్ మూతి నా కప్పు మీద అలా ఆగిపోయింది. అంతమందిలో ఆ పిల్లకి ఒక్కదానికే నిజం తెలుసు. నీ గురించి నేను తల వంచుకుంటే, తన గురించి కూడా వంచినట్టేనని దానికి అర్థమైంది. నాకు మొహం మీద వేడినీళ్ళు పోసినా అంత మండేది కాదు.

లేచి నిలబడ్డాను.

"ఫాదర్, ఇప్పుడు చెప్పింది అబద్ధం. నా చెల్లెలు ఏప్రిల్లో మఠం వదిలేసింది. దాని పేరు డిలియా. సాల్‌ఫర్డ్‌లో బడిపిల్లలకి వంట చేస్తోంది. ఈ రోజుకి వస్తానంటే చీకటి బస్సుకి రమ్మన్నాను నేను. అందుకని రాలేదు."

కేనన్ ఫాదర్ చెంచా గుడ్డులోనే ఉంది. పోస్టాఫీసు మిసెస్ మార్రినన్ కప్పు కింద పెట్టేసింది, రెండు చేతులతో వినడానికేమో. పొయ్యిలో పీట్ గడ్డ విరిగిన చప్పుడు వినపడింది.

చివరికి మాట్లాడింది లిల్లిసమ్మ. బెర్నీ తిరిగొచ్చినప్పటి నుంచి నలుగురిలో ఒక్క మాట మాట్లాడని మనిషి. "చలిగా ఉంటుందా, హనోరా, అక్కడ?" అంది.

"ఉంటుంది," అన్నాను.

కేనన్ ఫాదర్ గుడ్డు పూర్తిగా తినలేదు. వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నారు గాని కళ్ళలోకి చూడలేదు. ఆయన అలవాటు పడాలి. ఊరు కూడా. రేపు పోస్టాఫీసుకి వెళ్ళి ఈ ఉత్తరం వెయ్యాలి. నా కోటు గురించి వాళ్ళు ఏమైనా అనొచ్చు. పాతది వేసుకుంటున్నాను, మోచేతులు చిరిగినది. అననీ.

బెర్నీ కప్పులన్నీ కడిగి వెళ్ళింది. ముందు గేటు నుంచే వెళ్ళింది, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని.

కుర్చీ ఎక్కడ వెయ్యాలో నేను చెప్పను. ఎప్పుడు రమ్మనీ చెప్పను. రావాలనిపిస్తే రా. కోటు నీది, మడుస్తావో మానుతావో నీ ఇష్టం. ముందుగది పొయ్యి మాత్రం ఆర్పడం లేదు. గోడ కోసం, అని క్రిస్టీకి చెప్పాను.

అక్క


సాల్‌ఫర్డ్
డిసెంబరు 11

అక్కా,

ఇరవై మూడున పగటి బస్సుకి దిగుతున్నాను. ఎదురు రానక్కర్లేదు, దారి తెలుసు.

కోటు చేతులు మడవలేదు.

డిలియా